బాల్కనీలో ఆరు వేల కిలోమీటర్లు

నేను ఒక సైకిల్ని. వంపు తిరిగిన హ్యాండిలు, సన్నటి టైర్లు, కూర్చున్నవాళ్ళకి ఏమాత్రం సుఖం ఇవ్వని సీటు ఉన్న రేసు సైకిల్ని. ఇప్పటికి ఆరు వేల కిలోమీటర్ల పైనే తిరిగాను. అందులో రోడ్డు మీద తిరిగింది నూటయాభై దాటదు. మిగతాదంతా విశాఖపట్నంలో, ఒక మూడో అంతస్తు బాల్కనీలో, జానెడు దూరం కూడా ముందుకు జరగకుండా తిరిగిందే. నవ్వొస్తే నవ్వండి. మా కింది వాటా వరహాలమ్మగారు ఇప్పటికీ నవ్వుతూనే ఉంటుంది.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, పెద్ద ఫ్యాక్టరీలో. గొట్టాలు అతికినవాడొకడు, ముదురు నీలం రంగు కొట్టినవాడొకడు, చక్రాలకి పుల్లలు బిగించినవాడొకడు. ఎవరి ముఖమూ సరిగ్గా చూడనేలేదు. లారీలో నాలుగు రోజులు ప్రయాణం చేసి ఈ ఊరి కొట్లోకి వచ్చాక, ముందు చక్రం పట్టుకుని పైకప్పుకి వేలాడదీశారు. అక్కడి నుంచి సముద్రం కనిపించేది కాదు. సాయంత్రమయ్యేసరికి గాలి మాత్రం లోపలికి వచ్చేది. ఆ గాలికి నా చక్రం దానంతటదే ఒక చుట్టు తిరిగి ఆగిపోయేది. బీచి రోడ్డు మీద పరుగెత్తాలని నాకు ఆశ పుట్టింది అప్పుడే.

నన్ను మొదట కొన్నది ఆదినారాయణగారనే బ్యాంకు మేనేజరు. ఆయనకి షుగరొచ్చిందని డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. మనుషులు ఒక పని చెయ్యాలనుకుంటే ముందుగా దానికి కావలసిన బట్టలు కొంటారని నాకు ఆయన దగ్గరే తెలిసింది. హెల్మెట్టు కొన్నాడు, చేతికి తొడుగులు కొన్నాడు, ఒంటికి అతుక్కుపోయే లాగు కొన్నాడు. నా పక్కన నిలబడి ఫొటోలు దిగాడు. నలభై రోజులు తొక్కాడు, అదీ కాలనీ సందుల్లోనే. తర్వాత వానలు వచ్చాయి, వానల తర్వాత ఆడిట్ వచ్చింది, ఆడిట్ తర్వాత ఎవరిదో పెళ్ళి వచ్చింది. ఆ పైన నా హ్యాండిలు మీద ఆయన తువ్వాలు ఆరడం మొదలైంది.

బదిలీ అయి ఊరు విడిచి వెళ్తూ ఆయన నన్ను నీలవేణికి ఇచ్చేశాడు. నీలవేణి రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. నెలనెలా ఆయన చేతికి సూది గుచ్చేది ఆవిడే. "తీసుకోమ్మా. సూది గుచ్చినప్పుడల్లా 'సైకిలు తొక్కుతున్నారా సార్' అని అడుగుతావు. నీకు అబద్ధం చెప్పలేక చస్తున్నాను," అన్నాడు. పాపం మంచివాడే.

నీలవేణికి అప్పుడు ముప్పయ్యేడేళ్ళు. భర్త పైడిరాజు, వరసకి మేనమామ కొడుకు. పోర్టులో క్రేన్లకి గ్రీజు పెట్టి, నట్లు బిగించే పని అతనిది. పదేళ్ళ కూతురు రూపిక. ల్యాబు ఆరున్నరకల్లా తెరవాలి. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చిన జనం కాఫీ తాగకుండా, ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంటారు. ఆ లోపు ఇంట్లో వంట కావాలి, రూపిక జడలు కావాలి, పైడిరాజు క్యారేజీ కట్టాలి. అతనికి ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. ఆ షిఫ్టుల కాగితం వంటింటి గోడకి అతికించి ఉండేది. ఆ ఇంట్లో అందరి బతుకూ ఆ కాగితాన్ని బట్టే నడిచేది.

ఇంత తీరిక లేని మనిషికి నాతో పనేమిటని మీరడగవచ్చు. దానికి కారణం కిరణ్మయి. ఆవిడ ఒక కాలేజీలో ఆటలు నేర్పే మేడం. ఒకరోజు ల్యాబుకి రక్తం ఇవ్వడానికి వచ్చి, తను ఒక పోటీకి వెళ్తున్నానని చెప్పింది. రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువగా సముద్రంలో ఈత, ఒడ్డుకి రాగానే తొంభై కిలోమీటర్లు సైకిలు, సైకిలు దిగగానే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అంతా కలిపి ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. దాన్ని ట్రయథ్లాన్ అంటారట.

వేరేవాళ్ళయితే "అమ్మో, అంత దూరమా" అనేవాళ్ళు. నీలవేణి సూది పక్కన పెట్టి, "ఎనిమిదిన్నర గంటలా మేడం? అంతసేపూ మిమ్మల్ని ఎవరూ పిలవరా?" అని అడిగింది.

"ఎవరు పిలుస్తారు? పిలిచినా మనకి వినబడదు," అందట కిరణ్మయి.

ఈ సంగతి నీలవేణి నాకు చెప్పలేదు. ఆ సాయంత్రం బాల్కనీలో బట్టలు ఆరేస్తూ పైడిరాజుకి చెప్పింది. చెప్పినప్పుడు ఆమె చేతిలోని తడి చొక్కా అలాగే ఉండిపోయింది. రోజుకి ఎన్నిసార్లు పిలుస్తారో ఆమెని. సిస్టర్, అమ్మా, నీలా, ఏమండీ రిపోర్టు వచ్చిందా, అమ్మా నా రబ్బరెక్కడ. ఎనిమిదిన్నర గంటలు ఎవరూ పిలవకుండా తన ఒంటితో తను ఉండాలని ఆమెకి ఎంత ఆశగా ఉందో ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. ఎందుకంటే నాకూ ఒక ఆశ ఉంది కదా.

పైడిరాజు నవ్వలేదు. జాలరి కుటుంబంలో పుట్టినవాడు, సముద్రమంటే అతనికి ఇల్లే. "ఈత నేన్నేర్పుతానే. మిగతాయి నాకు తెల్దు," అన్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి షిఫ్టుల కాగితం ముందు నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి ఆ కాగితం మీద గంట కుస్తీ పట్టి, వారానికి ఎనిమిది గంటలు బయటికి లాగారు. మంగళ, గురువారాలు తెల్లవారుజామున నేను. శనివారం ల్యాబు ఒంటిపూట కాబట్టి మధ్యాహ్నం మళ్ళీ నేను. బుధ, శుక్రవారాలు పరుగు. ఆదివారం ఋషికొండ దగ్గర సముద్రం.

మొదటి శనివారం నన్ను రోడ్డు మీదికి తీసుకెళ్తుందని తెలిసి నేను పొంగిపోయాను. పైడిరాజు కూడా పొంగిపోయాడు. అతను చేసిన తప్పు పోర్టులో పనిచేసేవాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. ఉప్పుగాలిలో ఇనుము కనిపిస్తే చాలు, అతని చెయ్యి ఊరుకోదు. క్రేను తాళ్ళకి పూసే చిక్కటి నల్ల గ్రీజు డబ్బాడు తెచ్చి, ప్రేమకొద్దీ నా ఒళ్ళంతా పట్టించాడు. గొలుసుకి రాశాడు, పెడళ్ళకి రాశాడు. అంతటితో ఆగక, బ్రేకు పట్టుకునే చోట చక్రాల అంచులకి కూడా రాశాడు.

ఎండాడ దగ్గర రోడ్డు దిగుడులో నీలవేణి బ్రేకు నొక్కింది. నేను ఆగలేదు. ఆగడానికి నాకు పట్టు లేదు. నేరుగా వెళ్ళి కొబ్బరిబోండాల కుప్పలో పడ్డాం. మోకాలు చీరుకుపోయింది, మోచెయ్యి వాచింది. ఇంటికి నన్ను నడిపించుకుంటూ వచ్చి, గ్రీజు చేతులతో గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డ మొగుణ్ణి చూసి ఆమె ఒకే మాట అంది.

"ఇంకెప్పుడూ నా సైకిలు మీద చెయ్యి వెయ్యకు బావా."

పైడిరాజు నవ్వు ఆపి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నా దగ్గరికి ఎప్పుడొచ్చినా చేతులు అలా వెనక్కి పెట్టుకునే నిలబడేవాడు.

కిరణ్మయి ఇచ్చిన సలహాతో ఇంటికి ఒక ఇనుప స్టాండు వచ్చింది. అందులో నా వెనక ఇరుసుని రెండు వైపులా బిగించేస్తారు. చక్రం ఒక చిన్న రోలరు మీద ఆని తిరుగుతుంది. తొక్కినంత శ్రమ ఉంటుంది, ప్రయాణం ఉండదు. రోడ్డు మీదికి వెళ్ళి రావడానికి పట్టే సమయం కలిసొస్తుంది, పాప నిద్రలేస్తే పలకొచ్చు, కుక్కరు విజిలు వింటూ తొక్కొచ్చు. పడిన భయం కూడా ఉంది, ఆమె పైకి చెప్పకపోయినా. "రెండు వారాలు ఇలా తొక్కి తర్వాత రోడ్డెక్కుతాను," అంది. ఆ రెండు వారాలు పద్నాలుగు నెలలయ్యాయి.

ఆ పద్నాలుగు నెలలూ నేను సముద్రాన్ని చూస్తూనే ఉన్నాను. రెండు మేడల మధ్య సందులోంచి చీర అంచంత నీలం కనిపించేది. దాని పక్కనే బీచి రోడ్డు. దాని మీద ఏవేవో సైకిళ్ళు, పాల క్యాన్ల సైకిళ్ళు, తుప్పు పట్టిన సైకిళ్ళు, గంట కూడా లేనివి, హాయిగా వెళ్ళిపోయేవి. నేను మాత్రం గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో అక్కడే ఉండేదాన్ని.

మొదటి రోజుల్లో వరహాలమ్మగారు మెట్లెక్కి పైకొచ్చింది. "ఏటమ్మా, మా నెత్తి మీద పిండిమరేటైనా ఎట్టినారా?" అంది. నీలవేణి చెమటలు కక్కుతూ విషయం చెప్పింది. ఆవిడ నన్ను కిందా మీదా చూసి, "ఎంత తొక్కినా ఇక్కడే ఉంటావు గదే! మరి దిగిపోయి పడుకుంటే ఏటి?" అంది. నాకు రోషమొచ్చింది గాని, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? తర్వాత ఆవిడే స్టాండు కింద వేసుకోమని పాత బొంత ఒకటి తెచ్చి ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నాలు బాగుండేవి. రూపిక నా ముందు చాప వేసుకుని హోంవర్కు చేసేది. ఎక్కం తప్పితే నీలవేణి రొప్పుతూనే సరిదిద్దేది. "పదమూడేడ్లు... అబ్బా... తొంభై ఒకటే, తొంభై రెండు కాదు." అమ్మ కాళ్ళు నెమ్మదిస్తే ఆ పిల్ల తలెత్తకుండానే, "అమ్మా, చప్పుడు తగ్గింది," అనేది. చెమట నా గొట్టాల మీద టపటపా పడేది. పైన దండెం మీద పైడిరాజు ఖాకీ బట్టలు, రూపిక యూనిఫాం ఆరుతుండేవి. వాటి నీళ్ళు సరిగ్గా నా వెనక ఇరుసు మీద పడేవి. ఆ పైన సముద్రం గాలి ఎలాగూ ఉంది. ఇన్ని రకాల తడికి ఆ బిగింపు దగ్గర ఎర్రటి పొక్కులు లేచాయి. నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు. పైడిరాజుకీ తెలుసు. డ్యూటీ నుంచి రాగానే వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, వంగి ఆ తుప్పు వంక చూసేవాడు. అతని వేళ్ళు వెనకాల ఒకదాన్నొకటి నలుపుకునేవి. చూసి వెళ్ళిపోయేవాడు.

పోటీ పడమటి సముద్రం ఒడ్డున, మరో రాష్ట్రంలో. ఇంక ఎనిమిది రోజులుందనగా నన్ను పెట్టెలో సర్దడానికి నీలవేణి పానా తీసుకుని కూర్చుంది. నా ఆనందం ఏం చెప్పను! రైల్లో వెళ్తాను, కొత్త రోడ్డు చూస్తాను, తొంభై కిలోమీటర్లు ఒక్క ఊపున పరుగెత్తుతాను. ఆమె బిగింపు తిప్పింది. కదల్లేదు. రెండు చేతులతో తిప్పింది. కాలు ఆనించి లాగింది. స్టాండూ నా ఇరుసూ ఒకటే ఇనుమైపోయాయి. ఆమె లోపలికి చూసి, "బావా!" అని పిలిచింది.

పైడిరాజు వచ్చాడు. కిరసనాయిలు పోశాడు, చింతపండు గుజ్జు పట్టించాడు, వేడినీళ్ళు పోశాడు, సుత్తితో తట్టాడు. రెండు గంటలు పోరాడి చెమట తుడుచుకున్నాడు.

"కోసేస్తే వచ్చేత్తాది. గానీ ఇరుసు పోద్ది. ఇలాంటి ఇరుసు ఈ వారంలో మనకి దొరకదే."

"ఇంత తుప్పు ఎప్పుడు పట్టింది బావా?"

"ఆర్నెల్లయ్యింది. సూత్తానే ఉన్నాను."

"చూస్తూ ఉన్నావా? మరి చెప్పలేదేం?"

"సెయ్యెయ్యొద్దన్నావు గదా."

"చెయ్యి వెయ్యొద్దన్నాను గానీ నోరు మూసుకోమన్నానా!"

నీలవేణి వరహాలమ్మగారి బొంత మీదే కూలబడి ఏడ్చింది. అంత గట్టిగా ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. "ఒక్కరోజు. నాకంటూ ఒక్కరోజు అడిగాను. అంతే కదా నేనడిగింది," అంది. ఎవరిని అడిగిందో, ఎవరిని అంటోందో ఆమెకే తెలియదు. పోర్టులో క్రేన్లన్నిటినీ తుప్పు పట్టకుండా కాపాడే మనిషి తన ఇంట్లో ఒక బిగింపుని కాపాడలేకపోయాడు. అతని ముఖం చూడలేకపోయాను. నా తప్పేమీ లేకపోయినా నాకు సిగ్గేసింది.

మర్నాడు కిరణ్మయి తన రెండో సైకిలు ఇచ్చింది. నల్లటిది, సన్నటిది, చిటికెన వేలితో ఎత్తొచ్చట. దాన్ని తెచ్చి నా ఎదురుగానే గోడకి ఆనించారు. ఇంట్లోకి సవతి వచ్చినట్టు అనిపించింది నాకు. నీలవేణి దాని సీటు సరిచేసుకుంటుంటే పైడిరాజు గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు వెనక్కే ఉన్నాయి.

"దీనికి గ్రీజు... రాయమంటావా?"

నీలవేణి పానా పక్కన పెట్టింది. "రాయి బావా. గొలుసుకి మాత్రమే. ఇటు రా, ఎక్కడెక్కడ రాయకూడదో చూపిస్తాను," అంది. ఇద్దరూ పక్కపక్కన గచ్చు మీద కూర్చున్నారు. ఆమె వేలు పెట్టి చూపించిన చోటల్లా అతను చుక్క చుక్క వేశాడు. వెళ్తూ వెళ్తూ నా గొలుసుకి కూడా ఒక చుక్క వేశాడు. ఎందుకో మరి, ఆ చుక్కతో నా కోపం సగం పోయింది.

వాళ్ళు రైలెక్కారు. ఐదు రోజులు ఇల్లు తాళం వేసి ఉంది. రెండు మేడల మధ్య ఆ నీలం ముక్క వంక చూస్తూ కూర్చున్నాను. ఆదివారం ఉదయం నుంచి గంటలు లెక్కపెట్టుకున్నాను. ఇప్పుడు ఈదుతోంది. ఇప్పుడు ఒడ్డుకి వచ్చింది. ఇప్పుడు ఎక్కింది దాని మీద. ఆమె అలసిపోయినప్పుడు కుడి మోకాలు లోపలికి వస్తుంది. ఆ సంగతి నల్లదానికి తెలుసా? ఎక్కుడు వచ్చే ముందు ఆమె ఒక్కసారి ఊపిరి బిగబడుతుంది. అప్పుడు తొందర పెట్టకూడదు. దానికి ఎవరు చెప్తారు? ఆరు వేల కిలోమీటర్లు నాతో తొక్కి, తొంభై కిలోమీటర్లకి నన్ను వదిలేసి వెళ్ళింది. ఆమె గెలవాలని కోరుకున్నాను. నేను లేకుండా గెలవకూడదని కూడా ఒక్క నిమిషం కోరుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పడం.

తిరిగి వచ్చిన మర్నాడు తెల్లవారుజామున, అలవాటు కొద్దీ, ఆమె లేచి బాల్కనీలోకి వచ్చింది. పతకం నా హ్యాండిలుకి తగిలించింది. నా మీద కూర్చుంది గాని తొక్కలేదు.

"ఎనిమిది గంటల ఇరవయ్యొక్క నిమిషాలు," అంది నాతోనే. "తొమ్మిది నిమిషాల తేడాలో గట్టెక్కాను. ఎవరూ పిలవలేదు తెలుసా. నీళ్ళల్లో ఎంత బాగుందో. సైకిలు మీద కూడా బాగుంది. పరుగులో పదిహేనో కిలోమీటరు దాటాక కాళ్ళు రాలేదు. చుట్టూ తెలిసినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. ఎవరైనా ఒక్కసారి పిలిస్తే బాగుండుననిపించింది. మలుపు దగ్గర జనంలోంచి బావ గొంతు వినిపించింది, 'ఒలే నీలా, సప్పుడు తగ్గిందే' అని. పక్కన రూపిక ఎగురుతోంది. నవ్వొచ్చి, ఏడుపొచ్చి, ఎలా పరుగెత్తానో నాకే తెలీదు."

నా గొట్టం మీద చెయ్యి వేసింది. "నువ్వుండాల్సింది," అంది.

పతకాల గురించి నాకు పెద్దగా తెలియదు గాని, ఆ మాట నా దగ్గర భద్రంగా ఉంది.

తర్వాత పంతొమ్మిది రోజులు పైడిరాజు నన్ను విడిచిపెట్టలేదు. ఏ షిఫ్టు నుంచి వచ్చినా, బట్టలైనా మార్చుకోకుండా, బిగింపులోకి ఒక చుక్క నూనె, చిన్న దెబ్బ, పావు చుట్టు తిప్పే ప్రయత్నం. కోసేస్తే ఐదు నిమిషాల పని. కొయ్యలేదు. పంతొమ్మిదో రోజు టక్కుమంది. అతను పానా పక్కన పెట్టి, లోపలికి వినబడేలా, "ఒలే, వచ్చీసింది!" అని కేకేశాడు. తల్లీకూతుళ్ళిద్దరూ చేతులు కూడా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చారు.

ఆ ఆదివారం రోడ్డెక్కాను. భీమిలి వైపు, తొమ్మిది కిలోమీటర్లు. ఎండాడ దిగుడులో ఆమె బ్రేకు నొక్కితే ఆగాను. ఎంతకాలం కలగన్న రోడ్డో అది. ఇసుక, ఉప్పు, ఎండు చేపల వాసన, పక్కన నీలం ముక్క కాదు, మొత్తం సముద్రం. కానీ ఒకటి చెప్పాలి. బాల్కనీలో ఆమె ఊపిరి నాకు వినిపించేది. రోడ్డు మీద గాలి దాన్ని ఎత్తుకుపోయింది. తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఆమె ఒక కాలు నేల మీద ఆనించి, ముందుకి పోతున్న రోడ్డు వంక చాలాసేపు చూసింది. నేనూ చూశాను. పైడిరాజుది మధ్యాహ్నం షిఫ్టు. క్యారేజీ కట్టాలి. వెనక్కి తిరిగాం.

ఇప్పుడు మళ్ళీ బాల్కనీలోనే, స్టాండులోనే ఉన్నాను. వచ్చే ఏడు మళ్ళీ పోటీకి పేరు ఇచ్చింది. ఈసారి నన్నే తీసుకెళ్తుందట. షిఫ్టుల కాగితం మారింది, ఎనిమిది గంటలు మారలేదు. రోడ్డుకి ఇంకా టైము దొరకడం లేదు. రూపిక పదిహేడో ఎక్కంలోకి వచ్చింది.

ఒక్కటి మాత్రం కొత్తగా వచ్చింది. ప్రతి శనివారం పొద్దున్నే పైడిరాజు బాల్కనీలోకి వస్తాడు. "విప్పనా?" అని అడుగుతాడు. "విప్పు బావా," అని వంటింట్లోంచి నీలవేణి అంటుంది. బిగింపు పూర్తిగా విప్పి, దాని మర చుట్లకి ఒక చుక్క గ్రీజు రాసి, మళ్ళీ బిగిస్తాడు. మధ్యలో రెండు నిమిషాలు నా వెనక చక్రం గచ్చు మీద ఆని ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో సముద్రం గాలి వస్తే, ఎవరూ తొయ్యకుండానే నేను కాస్త ముందుకి, మెట్ల వైపు కదులుతాను. "ఉండవే, ఎక్కడికి?" అంటూ పైడిరాజు సీటు మీద చెయ్యి వేసి ఆపుతాడు.

ఈ రోజు శుక్రవారం.